కంచు ఉత్తరం

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. ఈమధ్య మేం వెళ్ళినప్పుడు స్టాఫర్డ్‌షైర్‌లో సైనికుల స్మారకవనం చూపించాడు. అక్కడ ఉండచుట్టి మళ్ళీ విప్పినట్టున్న పెద్ద కంచు ఉత్తరం ఉంది. గే సైనికుల కోసమట. మావారు రిటైర్డ్ హవల్దార్. "యుద్ధంలో పోయినవాళ్ళకి కడతారు గానీ, వీళ్ళకి విడిగా ఎందుకు?" అని అప్పట్నుంచీ గొణుగుతూనే ఉన్నారు. ఏం చెప్పను?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: నేనూ సైన్యంలో, సిగ్నల్స్ (వైర్‌లెస్) విభాగంలో పదిహేడేళ్ళు చేశానమ్మా, ఆ గొణుగుడు నాకు కొత్త కాదు. వాళ్ళు గే అని కట్టింది కాదది, సైన్యం వాళ్ళకి చేసిన అన్యాయానికి కట్టింది. బ్రిటన్‌లో 2000 జనవరి 12 దాకా గే, లెస్బియన్, ట్రాన్స్ అని తెలిస్తే చాలు, ఉద్యోగం ఊడేది. మిలిటరీ పోలీసులు పెట్టెలు వెతికి సొంత ఉత్తరాలు చదివేవారు. అందుకే అక్కడ ఉత్తరం. దానిమీది మాటలు బాధితులవే.

మా బ్యారక్‌లో ఒకతనికి వారం వారం ఒకే చేతిరాతతో ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. "ఎవర్రా?" అంటే "చెల్లెలు" అనేవాడు, వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్ళి చదువుకునేవాడు. అతనికి చెల్లెలు లేదని మాకందరికీ తెలుసు. ఎవరం రెట్టించలేదు. ఇప్పుడు తలుచుకుంటే, మేం చేసిన మంచిపని అదొక్కటే.

బ్రిటిష్ నేవీలో జో అనే రేడియో ఆపరేటర్ (నా ట్రేడే కదా, గుర్తుండిపోయాడు) 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో కూడా పనిచేశాడు. బైసెక్సువల్ (ఆడా మగా ఇద్దరిమీదా ఇష్టం కలిగేవాడు) అని 1993లో పంపించేశారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు! ఒకాయన కత్తెర పట్టుకొచ్చి యూనిఫాం మీది మెడల్ కత్తిరించుకుపోయాడు. తిరిగి చేతికొచ్చింది 2020లో. 2023లో అప్పటి ప్రధాని సునాక్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. తీసేసినవాళ్ళకి 50 వేల పౌండ్ల పరిహారాన్ని 2024లో, తర్వాతి ప్రభుత్వం ప్రకటించింది. 2025 అక్టోబరులో ఆ కంచు ఉత్తరం దగ్గరికి రాజు చార్లెస్ స్వయంగా వచ్చి పూలు పెట్టారు.

మన దగ్గర 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చి, స్వలింగ సంబంధాలు నేరం కాదన్నా, సైన్యంలో ఇవి కుదరవని 2019లో అప్పటి సైన్యాధిపతి జనరల్ రావత్ అన్నారు. విశాఖలో పనిచేసే సెయిలర్ సాబీ ఆడమనిషిగా మారితే 2017లో నేవీ తీసేసింది.

మీవారి మెడల్స్ ఎక్కడ దాచారు? మా ఇంట్లో బీరువాలో, మా ఆవిడ పట్టుచీరల కింద ఉంటాయి. ఓసారి తీసి ఆయన చేతిలో పెట్టి జో సంగతి చెప్పండి. కత్తెర మాట మర్చిపోకండి.