త్రీనాట్‌త్రీ గొట్టంలో పెద్ద బుల్లెట్ ఎలా పడుతుంది?

ప్రశ్న: మా నాన్నగారు కానిస్టేబుల్‌గా త్రీనాట్‌త్రీ రైఫిల్ మోశారు. గొట్టం లోపలి కొలత 0.303 అంగుళాలు కాబట్టే ఆ పేరు వచ్చిందంటారు. కానీ దాని బుల్లెట్ 0.311 అంగుళాలని చదివాను. పెద్దది చిన్నదాంట్లో ఎలా దూరుతుంది? గొట్టం పగలదా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీ నాన్నగారు చెప్పిందీ నిజమే, మీరు చదివిందీ నిజమే. పోలీసు ఆర్మరీలో ఏళ్లపాటు ఈ రైఫిళ్లు విప్పి బిగించినవాణ్ణి. కొత్తగా చేరిన కుర్రాళ్లు నన్నూ ఇదే అడిగేవారు.

గొట్టం లోపల నున్నగా ఉండదు. మెలితిరిగిన ఐదు గాడులుంటాయి, వాటి మధ్య పొలంలో ఉన్నట్టు గట్లు. 0.303 అన్నది గట్ల మీద తీసిన కొలత. గాడుల అడుగున కొలిస్తే 0.31 దాటుతుంది. బుల్లెట్‌ను ఆ గాడులకు సరిపడా చేస్తారు. లోపల సీసం, పైన మెత్తని లోహపు తొడుగు కాబట్టి పేల్చగానే ఉక్కు గట్లు దాన్ని కోసుకుంటూ పట్టుకుంటాయి. గాడులు మెలితిరిగి ఉన్నాయి కాబట్టి బుల్లెట్ పది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. బయటపడేటప్పుడు వేగం సెకనుకు 744 మీటర్లు, అంటే సెకనుకు 2,900 చుట్ల పైమాటే!

ఇక మందు పేలినప్పుడు పుట్టే గ్యాస్ ఒత్తిడి. ఈ తూటాకు (బుల్లెట్, మందు, ఇత్తడి కేసు కలిపి) గరిష్ఠ పరిమితి 365 మెగాపాస్కల్. కారు టైరులో గాలికి సుమారు 1,600 రెట్లు. బుల్లెట్‌ను వెనక నుంచి దాదాపు 1,800 కిలోల బరువు తోసినట్టు. అప్పుడు మందు నింపిన ఇత్తడి కేసు ఉబ్బి, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) గోడకు అతుక్కుని, గ్యాస్‌ను వెనక్కి రానివ్వదు. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుంటుంది, అందుకే ఖాళీ కేసు సులువుగా బయటికొస్తుంది. ఇత్తడి అంటే నాకు గౌరవం ఏర్పడింది అక్కడే.

గొట్టం బాగా అరిగితే బుల్లెట్‌కు గాడుల పట్టు దొరకదు, గ్యాస్ పక్కల నుంచి జారిపోతుంది. సరిగా తిరగని బుల్లెట్ గాల్లో పల్టీలు కొడుతుంది. టార్గెట్ మీద గుండ్రటి చిల్లుకు బదులు అడ్డంగా పడిన బుల్లెట్ ఆకారం కనిపిస్తుంది.

గొట్టాన్ని పగలగొట్టేది బుల్లెట్ సైజు కాదు, దాని దారిలో ఉన్న అడ్డం. ఒకసారి రేంజికి పంపిన రైఫిల్‌లో తుడిచిన గుడ్డముక్క ఉండిపోయింది. కాల్చిన కుర్రాడికి ఏమీ కాలేదు. గొట్టం మాత్రం ఒకచోట ఉంగరంలా ఉబ్బింది, వేలితో తడిమితే తగిలేది. పంపేముందు చూడాల్సింది నేనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత ఏ రైఫిలూ నేను లోపల చూడకుండా ఆర్మరీ గడప దాటలేదు.

మీ నాన్నగారిని అడగండి, డ్యూటీకి ముందు బోల్టు (గొట్టాన్ని వెనక నుంచి మూసే కడ్డీ) తీసి గొట్టంలోంచి వెలుతురు చూసేవారా అని. చూసే ఉంటారు.