లైపో చేయించుకుని పెళ్ళికి వెళ్దామనుకుంటున్న చెల్లికి

మొన్న ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. అమెరికా వచ్చి రెండేళ్ళయిందట, హెచ్4 మీద (భర్త ఉద్యోగం వల్ల వచ్చే డిపెండెంట్ వీసా) ఉంది, ఉన్న ఒక్క కారు పొద్దున్నే ఆయన ఆఫీసుకి తీసుకెళ్ళిపోతాడు, చలికాలం మొత్తం నాలుగ్గోడల మధ్యే, అలా 12 కిలోలు పెరిగిపోయింది. డిసెంబర్లో తమ్ముడి పెళ్ళి. "అక్కా, మూడు వారాలకి ఇండియా వెళ్తున్నాం, దిగిన వెంటనే హైదరాబాద్‌లో లైపో (కొవ్వు తీసే లైపోసక్షన్ ఆపరేషన్) చేయించేసుకుంటే పెళ్ళి టైముకి సన్నబడిపోతా కదా, ఇక్కడైతే రేట్లు చాలా ఎక్కువ, ఈయనకి ఇంకా చెప్పలేదు, అమ్మకి కూడా చెప్పను, సేఫేనా?" అని అడిగింది. అమ్మకి కూడా చెప్పను అన్న ముక్క చదివాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నేను డాక్టర్ని కాను, న్యూజెర్సీలో పందొమ్మిదేళ్ళుగా ఉంటున్నదాన్ని, కానీ ఈ విషయం దగ్గరగా చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా, ఇదే ఆలోచనలో ఉన్న మిగతావాళ్ళు కూడా చదవండి.

ముందు ఒక సంగతి, లైపో అనేది బరువు తగ్గించే ఆపరేషన్ కాదమ్మా. ఒకచోట పేరుకుని ఎంత చేసినా కరగని కొవ్వుని గొట్టంతో లాగేసి ఆకారం సరిచేసేది. ఒక విడతలో 5 లీటర్లు దాటి తీస్తే దాన్ని పెద్ద ఆపరేషన్ కింద లెక్కేస్తారు, రిస్కు పెరుగుతుంది కాబట్టి రాత్రి హాస్పిటల్లో ఉంచి చూసుకోవాలి. పోనీ ఆ 5 లీటర్లూ కొవ్వేనా అంటే కాదు, అందులో వాళ్ళు ఎక్కించిన సెలైన్ కూడా ఉంటుంది. నీ 12 కిలోలు ఆ టేబుల్ మీద పోవు. పైగా కొత్తలో ఒళ్ళంతా వాచి వెయింగ్ మెషీన్ మీద ఇంకా ఎక్కువ చూపించొచ్చు, ఆ వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది, నీకున్నది మూడు వారాలు. ఇంకోటి, మన ఇండియన్స్‌కి ప్రమాదమంతా పొట్ట లోపల, లివర్ చుట్టూ పట్టే కొవ్వుతో, లైపో తీసేది చర్మం కింద ఉండే కొవ్వు మాత్రమే. 2004లో ఇక్కడ ఒక స్టడీ చేశారు, లావుగా ఉన్న 15 మంది ఆడవాళ్ళకి పొట్ట దగ్గర దాదాపు 10 కిలోల కొవ్వు తీసి మూడు నెలలు ఆగి చూస్తే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఏవీ బాగుపడలేదు.

ఇక రిస్కుల సంగతి. కొవ్వు తీసే ముందు లిడోకెయిన్ అనే మత్తుమందు కలిపిన సెలైన్ చర్మం కింద లీటర్ల లెక్కన ఎక్కిస్తారు. ఆ మందు రక్తంలో బాగా పెరిగేది దాదాపు 12 గంటల తర్వాత, అంటే నువ్వు ఇంటికొచ్చి పడుకున్నాక. డోసు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ రావొచ్చు. ఎక్కించిన నీళ్ళు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, గొట్టం తగిలి పేగుకి చిల్లు పడిన కేసులున్నాయి, కొవ్వు రక్తనాళంలోకి వెళ్ళి ఊపిరితిత్తులకి చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది రక్తం గడ్డకట్టడం, ఎందుకంటే అది నేను కళ్ళారా చూశాను.

కొన్నేళ్ళ కిందట మా కాలనీలో ఒక తెలుగమ్మాయి, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, ఒక క్లినిక్‌లో లైపో చేయించుకుంది. భర్త ప్రాజెక్ట్ మీద వేరే స్టేట్‌లో, ఇంట్లో అత్తగారు, ఆవిడకి నడుం నొప్పికి చిన్న ప్రొసీజర్ అని చెప్పింది. నిజం నా ఒక్కదానికే తెలుసు, డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది నేనే కాబట్టి. ఐదో రోజు ఎడమ కాలి పిక్క వాచింది, కంప్రెషన్ గార్మెంట్ (ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికి వేసుకునే బిగుతు బట్ట) వల్లనేమో అనుకుని సర్దుకుంది. ఆరో రోజు మెట్లెక్కి పైకెళ్ళేసరికి ఆయాసం, నీరసమేమో అనుకుని గ్లూకోజ్ నీళ్ళు తాగింది. సాయంత్రం ఫోన్ చేస్తే మాట సగంలో ఆగి ఊపిరి తీసుకుంటోంది, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళా, అత్తగారూ వెంట వచ్చారు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నే, ఈమధ్య ఏమైనా సర్జరీ అయిందా అని. పక్కన అత్తగారు నిలబడి ఉన్నారు, ఈ పిల్ల లేదని తలూపేసింది! ఆక్సిజన్ మాస్క్ వెనక నుంచి నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. నేనే డాక్టర్ని పక్కకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశా, గంటలోపు స్కాన్ తీశారు, కాలి నుంచి చేరి రెండు ఊపిరితిత్తుల్లోనూ రక్తపు గడ్డలు. నాలుగు రోజులు హాస్పిటల్, ఆరు నెలలు రక్తం పలచబడే మందులు. ఆ తర్వాత అత్తగారు ఆ అమ్మాయి పక్కనే కూర్చుని జుట్టు దువ్వుతూ "నాకు చెప్తే నేనేమైనా అనేదాన్నా తల్లీ" అన్నారు.

నువ్వు వేసుకున్న ప్లాన్‌లో ఇదే ప్రమాదం ఇంకా ఎక్కువుంది. 20 గంటల ప్రయాణం చేసి దిగి ఆపరేషన్, రెండున్నర వారాల్లో మళ్ళీ అంతే ప్రయాణం, ఎకానమీ సీట్లో కాళ్ళు ముడుచుకుని. సర్జరీ ఒక రిస్కు, కదలకుండా కూర్చోవడం ఇంకో రిస్కు, పిల్లలు పుట్టకుండా పిల్స్ వాడుతుంటే అదీ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. తిరిగొచ్చాక చీము పట్టినా, లోపల నీరు చేరినా నీ సర్జన్ హైదరాబాద్‌లో ఉంటాడు, ఇక్కడి సర్జన్లు వేరేవాళ్ళు చేసిన కేసు ముట్టుకోడానికి వెనకాడతారు. కాస్మెటిక్ ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ ఇవ్వరు, దానివల్ల వచ్చిన కాంప్లికేషన్‌కి ఇస్తారో లేదో నీ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ముందే అడగాలి.

చవకని బయటికెళ్ళి చేయించుకోవడం మనవాళ్ళకే కాదు, ఇక్కడివాళ్ళకీ ఉంది. డొమినికన్ రిపబ్లిక్ వెళ్ళి కాస్మెటిక్ సర్జరీలు చేయించుకున్న అమెరికన్లు 2009 నుంచి 2022 లోపు 93 మంది చనిపోయారని సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) లెక్క. టెక్సాస్ బోర్డర్ అవతల మెక్సికోలోని మటమొరోస్ క్లినిక్కుల్లో 2023లో వెన్నులో మత్తు ఇచ్చి ఈ ఆపరేషన్లు చేస్తే ఫంగస్ మెదడు పొరలకి పాకి పది మందికి పైగా పోయారు.

మన తెలుగు హీరోయిన్ ఆర్తి అగర్వాల్ నీకు గుర్తుండే ఉంటుంది. పుట్టింది ఈ న్యూజెర్సీలోనే, 2015 జూన్ 6న అట్లాంటిక్ సిటీ హాస్పిటల్లో పోయింది, 31 ఏళ్ళు. అంతకు కొన్ని వారాల ముందే లైపో చేయించుకుందని, ఊపిరాడక బాధపడిందని అప్పుడు పేపర్లలో వచ్చింది. ఆ రోజు ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎవరిని కదిపినా అదే మాట. 2022 మేలో బెంగళూరులో చేతనా రాజ్ అని 21 ఏళ్ళ కన్నడ నటి పోయింది, అదీ కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాతే. ఎంత పసిపిల్ల!

ఇంత చెప్పినా, ఎప్పటికైనా చేయించుకునే తీరతా అంటావా, నీ ఒళ్ళు నీ ఇష్టం, నేను కాదనను, కానీ కొన్ని చూసుకో. ఇక్కడ లైసెన్స్ ఉన్న ఏ డాక్టరైనా బోర్డు మీద కాస్మెటిక్ సర్జన్ అని రాసుకోవచ్చు, నువ్వు చూడాల్సింది అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ సర్టిఫికెట్, వాళ్ళ సైట్లో పేరు కొడితే వస్తుంది. ఇదే ఆపరేషన్ చేసే పర్మిషన్ ఆయనకి ఏదైనా పెద్ద హాస్పిటల్లో ఉందా అని అడుగు, నీళ్ళు నమిలితే లేచి వచ్చెయ్. మత్తు ఎవరిస్తారో అడుగు. కాలిఫోర్నియాలో డోండా వెస్ట్ లా అని ఒకటుంది, పాటలు పాడే కాన్యే వెస్ట్ వాళ్ళమ్మ 2007లో ఇలాంటి ఆపరేషన్లు అయిన మర్నాడే పోయాక తెచ్చారు, అక్కడ ముందు ఒంటి పరీక్ష లేకుండా కాస్మెటిక్ సర్జరీ చేయకూడదు. లా ఉన్నా లేకపోయినా నువ్వు ఆ పరీక్ష చేయించుకో. ఒజెంపిక్, వెగోవీ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టర్‌కి దాచకు, వాటివల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇంట్లో ఒక్కరికైనా ఆపరేషన్ పేరు, తారీఖు, ఇచ్చిన మందులు తెలిసుండాలి. తర్వాత ఒక కాలే వాచినా, ఛాతీలో పొడిచినా, ఆయాసం వచ్చినా క్లినిక్‌కి వాయిస్ మెయిల్ పెట్టి కూర్చోకు, 911 (ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) కొట్టు. ఎమర్జెన్సీలో సర్జరీ అయిందా అంటే పక్కన ఎవరున్నా అయిందనే చెప్పు.

ఈలోగా ప్రైమరీ కేర్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో. థైరాయిడ్, ఎ1సి (మూడు నెలల షుగర్ సగటు), పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల సమస్య) చూడమను, రెండేళ్ళలో 12 కిలోలంటే కారణం ఏదైనా ఉండొచ్చు. ఆసియా వాళ్ళకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23కి చేరినా చాలు షుగర్ టెస్ట్ చేయమని ఇక్కడి గైడ్‌లైన్, డాక్టర్ మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్. నిజంగా బరువు బాగా ఎక్కువుంటే దానికి మందులున్నాయి, బేరియాట్రిక్ సర్జరీ (కడుపు చిన్నది చేసి బరువు తగ్గించేది) వేరే ఉంది, అది లైపో కాదు, ఆ దారి డాక్టర్ చెప్తారు. కారు లేదన్నావు కదా, శనివారం పొద్దున మేం నలుగురం పార్కులో నడుస్తాం, మీరు ఎడిసన్ దగ్గర్లోనే ఉంటే వచ్చి ఎక్కించుకుంటా. ఈ రాత్రికి ముందు మీ ఆయనకి చెప్పు. పెళ్ళి బ్లౌజులకి ఇప్పటి కొలతలే పంపి, లోపల రెండంగుళాలు కుట్టు వదలమని మీ అమ్మతో టైలర్‌కి చెప్పించు.