కుక్కకి వండే మాంసం తాజాదా, ఫ్రీజర్‌దా? నా ఆరేళ్ల అనుభవం

అమలాపురంలో మీ రెండేళ్ల లాబ్రడార్‌కి ఇంట్లోనే వండి పెడదామనుకుంటున్నారు, షాపులో కోసిన కోడి మంచిదా ఫ్రోజెన్ ప్యాకెట్టు మంచిదా, ఎలా వండాలి అని అడిగారు. నేను రావులపాలెం దగ్గర పల్లెలో ఆరేళ్లుగా మా చిట్టికి వండుతున్నానండి. ఊరకుక్కే, పాతిక కేజీలుంటుంది. నన్నడిగితే తాజాదా ఫ్రీజర్‌దా అన్నది తర్వాతి సంగతి. కోశాక ఆ మాంసం ఎంతసేపు వేడిలో ఉందన్నదే అసలు చూసుకోవాల్సింది.

షాపులో మాత్రం "కుక్కకి" అని చెప్పకండి. చెబితే పొద్దుటి నుంచి డ్రమ్ములో పడున్న తోలూ పేగులూ కాళ్లూ కవర్లో వేసి చవగ్గా ఇస్తారు, మన ఉక్కకి అది మధ్యాహ్నానికే వాసన కొడుతుంది. నేను ఆదివారం రద్దీ వదిలేసి మామూలు రోజు ఏడింటికల్లా వెళ్తాను, కళ్ల ముందు కోయించి, ఎముకలు తీయించి, ఆ కోడిదే కార్జం, కందనకాయ విడిగా అడుగుతాను. కందనకాయ లోపలి పసుపు పొర లాగేశారో లేదో చూసుకోండి. కార్జం కుక్కలకి ప్రాణం, కానీ ఎక్కువైతే విటమిన్ ఏ పేరుకుపోయి ఎముకలు పాడవుతాయి. మొత్తం మాంసంలో ఇరవయ్యో వంతు చాలు.

మటన్ షాపులో కార్జం గానీ ఊపిరితిత్తులు గానీ తీసుకుంటే వాటి మీద నీళ్లు నిండిన తెల్లటి బుడగలున్నాయేమో వెతకండి, ఉంటే వద్దనేయండి. అవి హైడాటిడ్ తిత్తులు. కుక్క పచ్చిగా తింటే దాని పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి, వాటి గుడ్లు మలంతో బయటికొచ్చి మన చేతుల ద్వారా నోట్లోకి చేరితే మన కార్జంలోనే గడ్డలు కడతాయి. ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.

పచ్చిమాంసం మంచిదని వీడియోలు చూసి కొన్నాళ్లు నేనూ పెట్టాను. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక మానేశాను. బాగా ఉడికితే ఆ వైరస్ చస్తుంది. ఫ్రీజర్లో పెడితే చావదు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కూడా అంతే, చల్లదనానికి ఊరికే పడుంటుంది.

ఇక ఫ్రోజెన్. మైనస్ 18 డిగ్రీల దగ్గర కదలకుండా ఉన్న ప్యాకెట్టు, పొద్దెక్కాక షాపులో తెచ్చిన మాంసం కన్నా నయమే. కాకపోతే మన వైపు కరెంటు పోతుంది కదా. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో ఒకటిన్నర రోజు కరెంటు లేదు. వచ్చాక ఫ్రీజర్లోవన్నీ మళ్లీ గట్టిపడ్డాయి, నేను చూసుకోకుండా వండి పెట్టేశాను, చిట్టి రెండు రోజులు వాంతులు, విరేచనాలతో లేవలేకపోయింది, దాని పక్కనే కూర్చుని చెంచాతో నీళ్లు పోశాను. తర్వాత మిగిలిన ప్యాకెట్లు తీసి చూస్తే ముక్కలన్నీ ఒక పక్కకి జారి ముద్దయ్యాయి, అడుగున గులాబీ రంగు నీళ్లు ఐసుగా పేరుకున్నాయి. షాపులో అలాంటిది కనబడితే కొనకండి. ఇంట్లో అయితే గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్లో ఉంచండి. బిళ్ల కిందికి దిగిపోయి ఉందంటే మీరు లేనప్పుడు ఐసు కరిగిందన్నమాట. ప్యాకెట్టుని గట్టు మీద పెట్టి కరగనివ్వకండి, ముందు రాత్రి ఫ్రిజ్ కింద అరలో గిన్నెలో పెట్టండి.

వండటం తేలికే. చిట్టికి రోజుకి ఎముకల్లేని మాంసం 400 గ్రాములు, బియ్యం 100 గ్రాములు, గుమ్మడికాయో క్యారెట్టో గుప్పెడు, ఓ గుడ్డు, అన్నీ కలిపి కుక్కర్లో పెడతాను, రెండు పూటలకి సరిపోతుంది. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వెయ్యకూడదు. ఉల్లిపాయ కుక్కల రక్తకణాలని విరగ్గొడుతుంది, కాబట్టి మనం తినే కోడి పులుసు మిగిలినా అన్నంలో కలపొద్దు. వండిన ఎముక అసలొద్దండి. చిట్టికి ముందున్న బుజ్జిగాడికి ఉడికిన తొడ ఎముక సూదిలా విరిగి పేగులో గుచ్చుకుంది, ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది, వాడి మూలుగు నాకింకా గుర్తే.

ఎముకలు తీసేస్తే కాల్షియం ఎక్కడిది అంటారా, చాలామంది మర్చిపోయేది ఇదే. మాంసం, అన్నంలో భాస్వరమే తప్ప కాల్షియం దాదాపు ఉండదు. గుడ్డు పెంకులు కడిగి పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పట్టి జల్లించి ఆ పొడి అర టీస్పూను పైన కలుపుతాను. జింకు, అయోడిన్ లాంటివి దీంతో రావు, వాటికి పశువుల డాక్టరు రాసిన పౌడరు వాడుతున్నాను, మీరూ బరువు చెప్పి రాయించుకోండి. ఎదిగే కుక్కపిల్లలకి మాత్రం ఈ లెక్క పనికిరాదు.

చేప పెట్టాలనుకుంటే శీలావతి, బొచ్చె బాగా ఉడికించి ముల్లు ఒక్కటీ లేకుండా చేత్తో తడిమి పెట్టండి. పచ్చివైతే వాటిలోని థయమినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ని తినేస్తుంది.

ఒకేసారి మార్చకండి. మొదటి రెండు రోజులు పాత తిండిలో పావు వంతే ఇది కలపండి, మలం గట్టిగా వస్తుంటే సగం చెయ్యండి, వారం పది రోజులకి పూర్తిగా మారుద్దురుగాని.