డంప్ ఫైళ్లు తీసేసే ముందు

ఒంగోలులో ఉన్న చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తోందని, వెతికితే విండోస్ ఫోల్డర్‌లో మెమరీ.డీఎంపీ అనే ఫైల్ ఒక్కటే 4 జీబీ ఉందని నిన్న ఫోన్‌లో చెప్పావు. దాన్ని తీసేస్తే కంప్యూటర్‌కు ఏమీ కాదు నాయనా, టెన్షన్ పడకు. కానీ ఇవాళే తీసేయొద్దు. కంప్యూటర్ పడిపోయి బ్లూ స్క్రీన్ వచ్చిన క్షణాన మెమరీలో ఏముందో విండోస్ అందులో రాసిపెట్టింది, దీన్నే డంప్ అంటారు. ఎందుకు పడిపోయిందో చెప్పే సాక్షి అదే.

ఈ సంగతి తెలియక నేను చాలా అవస్థ పడ్డాను. కావలిలో రొయ్యల గుంటల లెక్కలు రాసుకునే నా కంప్యూటర్ వారానికి రెండుసార్లు పడిపోయేది. జాగా కోసం ఆ ఫైళ్లన్నీ ఊడ్చేశాను. రిపేరుకిస్తే, ఆధారమేమీ దొరక్క విండోస్ మళ్లీ ఎక్కించి ఇచ్చారు. నాలుగు రోజులకు మళ్లీ అదే గోల. ఈసారి ఫైళ్లు దాచి తెరిపిస్తే, ఒక్కోదాంట్లో ఒక్కో స్టాప్ కోడ్, అంటే ఎందుకు ఆగిపోయిందో చెప్పే గుర్తు, కనిపించింది. అలా పొంతన లేకుండా వస్తుంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. ర్యామ్‌ను పరీక్షించే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపితే లోపం బయటపడింది. ర్యామ్ మార్చాక మళ్లీ పడలేదు.

నువ్వు ముందుగా విండోస్ లోపలే ఉన్న మినీడంప్ ఫోల్డర్ చూడు. అందులో తేదీ పేరుతో చిన్న చిన్న ఫైళ్లుంటాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. విన్‌డీబీజీ అని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాం ఉంది, ఒక్కో ఫైల్‌నూ అందులో తెరిచి ఎనలైజ్ కమాండ్ ఇవ్వు. ప్రతిసారీ ఒకే డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాలను విండోస్‌తో కలిపే ప్రోగ్రాం) పేరు వస్తుంటే ముందు దాని సంగతి చూడాలి.

కారణం తేలాక డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైళ్ల భాగానికి వెళ్లి మెమరీ డంప్ దగ్గర టిక్ పెట్టు. ఆ తర్వాత స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్‌లో స్మాల్ మెమరీ డంప్ ఎంచుకో, ఇకమీదట చిన్న ఫైళ్లే పడతాయి. 'నన్' మాత్రం పెట్టొద్దు, అది పెడితే డంప్ అసలు రాయదు. జాగా కోసమని పేజింగ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైల్) కూడా తీసేయకు, డంప్ రాయడానికి విండోస్‌కు అది కావాలి.

ఇంకో మాట, ఆ పెద్ద ఫైల్‌ను తెలియనివాళ్లకు పంపకు. మెమరీ మొత్తాన్నీ రాసే కంప్లీట్ డంప్ అయితే అప్పుడు తెరిచి ఉన్న బ్యాంకు పేజీ, పాస్‌వర్డు కూడా అందులో ఉండొచ్చు.

ఆదివారం పొద్దున కావలిలో రైలెక్కి వస్తాను. మినీడంప్‌లు పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న