నది వడి తగ్గే చోట వెతకండి

ఏటి ఇసుకలో బంగారు రేణువుల కోసం సరదాగా వెతికేవారి నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఒకే సందేహం పలువురు అడిగిన చోట ఒక్కరి మాటే తీసుకున్నాను.

ప్రశ్న: వాగు మధ్యలో ఉన్న ఇసుక మేటను నడుము లోతు తవ్వి కడిగాను. ఒక్క రేణువు కూడా కనబడలేదు. ఆ వాగులో బంగారం లేనట్టేనా? – ఒక కళాశాల విద్యార్థి

జవాబు: అప్పుడే తేల్చేయకండి. మధ్యలో మేట వేసిన వదులు ఇసుక నిన్నమొన్నటి ప్రవాహం తెచ్చి పోసింది. వచ్చే వరదకు అది అక్కడ ఉండదు. బంగారం అలా తేలిగ్గా కదిలే సరుకు కాదు.

ఒక చిన్న లెక్క చెబుతాను. స్వచ్ఛమైన బంగారం నీటికంటే 19.3 రెట్లు బరువు. ఇసుకలో ఎక్కువ భాగం ఉండే క్వార్ట్జ్ 2.65 రెట్లు. గట్టు మీద తూస్తే సమాన పరిమాణంలో బంగారం ఏడు రెట్లు బరువు తూగుతుంది. నీళ్లలో ముంచితే తేడా ఇంకా పెరుగుతుంది. నీరు రెండింటినీ ఒకే బలంతో పైకి నెడుతుంది కాబట్టి మిగిలే బరువులు 18.3, 1.65. అంటే పదకొండు రెట్లు. నది తన వడి కాస్త తగ్గగానే ముందుగా దించేసే బరువు బంగారమే. అందుకే వాగుకు వెళ్లగానే తవ్వడం మొదలుపెట్టకండి. గట్టు మీద నిలబడి, ఈ నీరు నిండు వరదలో ఎలా పారుతుందో ఊహించుకోండి. బంగారాన్ని కదిలించేది ఈ రోజు మీ పాదాలు తడిపే నీరు కాదు, ఆ వరద నీరు.

వరద నీరు వంపుల్లో దగ్గరి దారి పడుతుంది. బరువైన రేణువులు ఒక వంపు లోపలి ఒడ్డు నుంచి తర్వాతి వంపు లోపలి ఒడ్డుకు, ఇంచుమించు ఒకే బాట పట్టి దిగుతాయి. ఆ బాటను కంటితో గీసుకోండి. బాట మీద పెద్ద బండ ఉంటే దాని దిగువ పక్కన నీరు సుడి తిరిగి మందగిస్తుంది. ఇరుకు మలుపు దాటి వాగు ఒక్కసారి వెడల్పయ్యే చోటా అంతే. వరద మట్టానికి అందే చెట్ల వేళ్లు, బండల మీది నాచు కూడా సన్నటి రేణువులను పట్టి ఉంచుతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అడుగు రాతి పగులు. ఇసుక, కంకర కింద ఉండే గట్టి రాతిపొర అక్కడక్కడ పైకి తేలి కనిపిస్తుంది. దాని మీది పగులు ప్రవాహానికి అడ్డంగా ఉంటే మరీ మంచిది. పైనున్న వదులు ఇసుక ఊడ్చేశాక బంకమట్టితో బిగుసుకుపోయిన చిన్న గులకరాళ్లు తగులుతాయి. తేలిగ్గా రాకుండా మొండికేస్తాయి. వంచిన మేకుతో గీరి, గట్టి కుంచెతో ఊడ్చి, చిట్టచివరి చెంచాడు బురద కూడా ఇసుక కడిగే పళ్లెంలోకి తీసుకోండి. చాలామంది పై మట్టి తీసి, అడుగున ఉన్న ఆ చెంచాడు బురదను వదిలేసి వెళ్తారు. బంగారం ఉంటే అందులోనే ఉంటుంది. పగులులో తుప్పు పట్టిన మేకులు, చేపల వలల నుంచి ఊడిన సీసపు గుళ్లు కనబడితే సంతోషించండి. బరువైన వస్తువులు ఆగే చోటు మీకు దొరికినట్టే.

ఇంకొక మాట. ఒకే గుంతను లోతుగా తవ్వేకంటే, దిగువ నుంచి ఎగువకు నడుస్తూ పదిచోట్ల ఒక్కో పళ్లెం కడగండి. ఎక్కడ ఎన్ని రేణువులు వచ్చాయో రాసుకోండి. ఎగువకు వెళ్లే కొద్దీ పెరుగుతూ వచ్చి, ఒక చోట ఉన్నట్టుండి ఆగిపోతే, అక్కడ కలిసే పిల్లవాగునో పక్కనున్న కొండవాలునో గమనించండి. నదులు దారి మార్చుకున్నప్పుడు పాత కంకర పొరలు గట్టు పైన ఎత్తులో మిగిలిపోతాయి. కెనడాలోని క్లోన్‌డైక్‌లో 1896లో వాగు అడుగున బంగారం బయటపడింది. ఆ తర్వాత వచ్చిన కొత్తవాళ్లు పైనున్న కొండవాలు కంకరలోనూ తవ్వి తీశారు. అనుభవజ్ఞులు ఆ వాలును పట్టించుకోలేదు.

ప్రశ్న: పళ్లెం తిప్పడం ఎన్నిసార్లు చూసినా నాకు పట్టుబడటం లేదు. చివరికి అంతా కొట్టుకుపోతోంది. – ఒక గృహిణి

జవాబు: మీరు తొందరగా వంచుతున్నారని నా అనుమానం. కొత్తగా నేర్చుకునేవారంతా పళ్లెం తిప్పడమే పని అనుకుంటారు. అసలు పని దాన్ని కుదపడం.

ముందుగా కంకరను జల్లెడ పట్టి పెద్ద రాళ్లు తీసేయండి. పళ్లెంలో ముప్పావు వంతు నింపి, నీటి అడుగున ఉంచి, చేత్తో మట్టిగడ్డలన్నీ చిదపండి. బంకమట్టి ఉండ ఒక్కటి మిగిలినా అది రేణువులను అంటించుకుని బయటకు దొర్లిపోతుంది. తర్వాత పళ్లేన్ని నీటి మట్టం కిందే, సమంగా పట్టుకుని, కుడి ఎడమలకు గట్టిగా కుదపండి. లోపలి సరుకంతా నీళ్లతో కలిసి వదులై, పాకంలా కదలాలి. అప్పుడే బరువైనది కిందికి జారుతుంది. ఇసుక గట్టిగా పేరుకుపోయి ఉంటే బంగారం దిగడానికి దారి ఉండదు.

అది కుదిరాక ముందంచును కొద్దిగా వంచి, నీళ్లలో ముంచి పైకి తీయండి. పై పొర మాత్రమే జారాలి. అలా నాలుగైదు సార్లు ముంచాక మళ్లీ సమంగా పట్టి కుదపండి. ఈ రెండో కుదుపు మానేసినవారికే బంగారం పోతుంది. ప్లాస్టిక్ పళ్లేల్లో ఒక పక్క మెట్లలాంటి గాడులు ఉంటాయి. ఆ పక్కనే ముందుకు పెట్టుకోండి.

తెల్ల ఇసుక పోయి అడుగున నల్లటి ఇసుక మిగులుతుంది. అందులో మాగ్నటైట్ అనే, అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం ఎక్కువ. అది నీటికంటే దాదాపు 5.2 రెట్లు బరువు కాబట్టి బంగారంతో పాటే చివరిదాకా ఉంటుంది. ఇక్కడి నుంచి చేయి నెమ్మదించాలి. పళ్లెంలో గుక్కెడు నీళ్లు ఉంచి, ఒక అంచు మీద వేలితో మెల్లగా తడుతూ నీటిని ఆ నల్ల ఇసుక మీదుగా పారనివ్వండి. ఇసుక ముందుకు సాగుతుంది. వెనక, సాగిపోలేక ఆగిన చోట, సన్నటి పసుపు గీత తేలుతుంది. ఆ క్షణం కోసమే నేను ఇప్పటికీ మోకాళ్ల నొప్పులతో వాగుల్లో కూర్చుంటున్నాను.

సాధన ఇంట్లోనే చేయండి. తొట్టెలో నీళ్లు పోసి, మామూలు ఇసుకలో పది సీసపు ముక్కలు కలపండి. ముక్కలు సన్నగా కొట్టి పలచగా చేసినవై ఉండాలి. కడిగాక పదీ మిగిలాయా చూడండి. ఎనిమిదే మిగిలితే తొట్టె అడుగు వెతికి, మిగతా రెండు మీ చేతి ఏ కదలికలో జారాయో తెలుసుకోండి. పిండిలాంటి సన్న బంగారం నూనె జిడ్డు తగిలితే నీటి పైన తేలుతుంది. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం వేస్తే మునుగుతుంది.

ప్రశ్న: నా పళ్లెం నిండా మెరుపులే! ఇది బంగారమని ఎలా తెలుస్తుంది? – ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: నిండా మెరిస్తే అది కాకిబంగారమే, అంటే అభ్రకం. పలచటి రేకులు కాబట్టి పళ్లెం కుదపగానే నీటితో లేచి తిరుగుతుంది. బంగారం లేవదు. పళ్లేన్ని మీ నీడలోకి తిప్పి చూడండి. అభ్రకం, బంగారంలా కనిపించే పైరైట్ అనే ఇనుప ఖనిజం రెండూ ఎండ తగిలిన కోణంలోనే తళుక్కుమని ఆరిపోతాయి. బంగారం నీడలోనూ అదే పసుపులో ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే సూది మొనతో నొక్కండి. బంగారం సొట్ట పడుతుంది, పైరైట్ చిట్లుతుంది, అభ్రకం పొరలుగా విడిపోతుంది. 1848 జనవరి 24న కాలిఫోర్నియాలో రంపపు మిల్లు నీటి కాలువలో మెరిసే ముక్క దొరికినప్పుడు, ఆ మిల్లు కట్టిస్తున్న జేమ్స్ మార్షల్ దాన్ని రాళ్ల మధ్య పెట్టి కొట్టి చూశాడు. పగలకుండా సాగింది. అంతకంటే సులువైన పరీక్ష ఈనాటికీ లేదు.

ప్రశ్న: బంగారం వాగులోకి అసలు ఎలా వస్తుంది? – తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: భూమి లోతుల్లో వేడినీరు రాతి పగుళ్లలో పారినప్పుడు, అందులో కరిగి ఉన్న బంగారం క్వార్ట్జ్‌తో పాటు చారలుగా పేరుకుంటుంది. లక్షల ఏళ్లలో ఆ కొండ ఎండకు, వానకు శిథిలమవుతుంది. రాయి మట్టిగా మారుతుంది, బంగారం మారదు. దానికి తుప్పు పట్టదు. వాన నీరు వాలు మీద నుంచి వాగులోకి దింపుతుంది. నీ భూతద్దంలో రేణువు అంచులు గరుకుగా, మూలలు తేలి కనిపిస్తే అది దగ్గర్లోని కొండ నుంచే వచ్చిందని అర్థం. నున్నగా, రేకులా సాగి ఉంటే చాలా దూరం దొర్లింది. ఈ తేడాను నువ్వే చూసి పుస్తకంలో బొమ్మ గీసుకో, తల్లీ.

ప్రశ్న: దీనితో రాబడి ఉంటుందా? – ఒక చిరువ్యాపారి

జవాబు: ఉండదు. ఒక మిల్లీమీటరు పొడవు, అంతే వెడల్పు, పదో వంతు మందం ఉన్న రేకు బరువు రెండు మిల్లీగ్రాములకు కూడా రాదు. అలాంటివి ఐదు వందలకు పైగా చేరితే ఒక గ్రాము. మీ పళ్లెంలో కనిపించేవి చాలావరకు అంతకంటే చిన్నవే. జార్ఖండ్‌లో సువర్ణరేఖ ఒడ్డున, కేరళలో నిలంబూరు దగ్గర చాలియార్ ఒడ్డున చెక్క పళ్లేలతో ఇసుక కడిగి బతికిన కుటుంబాలు ఉన్నాయి. అది వారి కష్టం, వారి బతుకుతెరువు. సరదాకు వెళ్లే మనం దాన్ని రాబడి లెక్కల్లో చూడకూడదు.

ప్రశ్న: నల్ల ఇసుకలోంచి సన్న బంగారం తీయడానికి పాదరసం వాడవచ్చా? – ఒక రైతు

జవాబు: వాడవద్దు. బతిమాలి చెబుతున్నాను, వాడవద్దు. పాదరసం బంగారాన్ని తనలో కలుపుకుంటుంది, నిజమే. కానీ ఆ ముద్దను వేడి చేసి విడదీసినప్పుడు లేచే ఆవిరికి వాసనే ఉండదు. అది ఊపిరితిత్తుల ద్వారా ఒంట్లో చేరి నరాలను దెబ్బతీస్తుంది. నీటిలో జారిన చుక్కను సూక్ష్మజీవులు ఇంకా విషపూరితమైన రూపానికి మారుస్తాయి. అది చేపల్లో పేరుకుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో కాలిఫోర్నియా గనుల్లో వాడిన పాదరసం ఆ నదుల అడుగున ఇప్పటికీ ఉంది. దీన్ని అరికట్టడానికి మినమాటా అనే అంతర్జాతీయ ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది.

మీ నల్ల ఇసుకను ఆరబెట్టండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుక పైన కాస్త ఎత్తులో తిప్పండి. మాగ్నటైట్ సంచికి అంటుకుంటుంది. సంచి తిరగేస్తే ఊడిపోతుంది. ఇసుకకు ఆనించి తిప్పితే మధ్యలో చిక్కుకున్న రేణువులు కూడా దాంతో లేస్తాయి. రెండు మూడు సార్లు చేశాక మిగిలిన చిటికెడు నుంచి సన్నటి తడి కుంచెతో బంగారాన్ని ఏరుకోవచ్చు. ఒకవేళ మీ పళ్లెంలో వెండిలా తెల్లబడ్డ రేణువు కనబడితే పాత పాదరసం అంటి ఉండవచ్చు. దాన్ని వేడి చేయకండి. గట్టి మూత ఉన్న సీసాలో వేరుగా దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అధికారులకు ఇవ్వండి.

ప్రశ్న: యంత్రం కొనమంటారా? అనుమతి ఎవరిని అడగాలి? – పేరు రాయని పాఠకుడు

జవాబు: యంత్రం వద్దు. నది అడుగును పీల్చి తీసే డ్రెడ్జ్‌లకు కాలిఫోర్నియా 2009 నుంచి అనుమతులు ఆపేసింది. అంతకు చాలా ముందే, 1884లో, గొట్టాలతో నీళ్లు చిమ్మి కొండలను కరిగించే పద్ధతిని అక్కడి న్యాయస్థానం అడ్డుకుంది. ఆ మట్టి దిగువ పొలాలను ముంచెత్తినందుకు. చేతిపళ్లెం చాలు. మంచి చోటు ఖాయంగా తెలిసినవారు మాత్రం అడ్డపట్టీలు, చాప ఉన్న స్లూయిస్ పెట్టె, అంటే ఇసుక కొట్టుకుపోయి బరువైనది ఆగే పొడవాటి తొట్టె, వాడుకోవచ్చు. దాన్ని పారే నీటిలో అడుగు పొడవుకు సుమారు ఒక అంగుళం వాలుతో పెట్టాలి.

అనుమతి సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. న్యూజిలాండ్‌లో ప్రజల కోసం కేటాయించిన చోట్ల చేతి పనిముట్లతో వెతకవచ్చు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో ముందుగా హక్కు పత్రం తీసుకోవాలి. బ్రిటన్‌లో బంగారం రాజరికానికి చెందుతుంది. భారతదేశంలో ఖనిజాలు తీయడం 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కిందికి వస్తుంది. సరదాకే అయినా ముందుగా గనుల శాఖను, అడవి అయితే అటవీ శాఖను అడిగి, రాతపూర్వకంగా తెలుసుకున్నాకే దిగండి. ఎక్కడైనా సరే, గట్టు కింద తొలచకండి, చెట్ల వేళ్లు నరకకండి, చేపలు గుడ్లు పెట్టే కాలంలో కంకర కదపకండి. తవ్విన ప్రతి గుంతనూ అదే రోజు పూడ్చండి.

ప్రశ్న: వెతకడానికి ఏ కాలం మంచిది? – ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: పెద్ద వరద తగ్గి, నీరు తేటపడ్డ తొలి వారాలు. వరద పాత కంకరను తిరగేసి, బరువైన వాటిని మళ్లీ ఒక చోట చేరుస్తుంది. కిందటేడు ఖాళీ చేసిన పగుళ్లలో కూడా అప్పుడు ఏదో ఒకటి ఉంటుంది. మీ తల మీద ఎండ కాస్తున్నా ఎగువన వాన పడుతూ ఉండవచ్చు. నీరు మట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, పళ్లెంలో ఏమున్నా సరే, అక్కడే వదిలి గట్టెక్కండి.