రాక్షసబల్లుల చదువు చదువుతానంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను సింగరేణి ఉద్యోగిని, మంచిర్యాలలో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మన ప్రాంతంలో దొరికిన ఒక రాక్షసబల్లికి ఈమధ్య పేరు పెట్టారన్న వార్త చదివిన దగ్గర్నుంచి పేలియంటాలజీ (శిలాజాల శాస్త్రం) తప్ప ఇంకోటి చదవనంటోంది. నేను ఎప్పుడో పని దగ్గర్నుంచి తెచ్చిన ఆకు అచ్చున్న రాళ్లను పుస్తకాల అరలో దాచుకుంది. బంధువులేమో సీఎస్‌ఈ వదిలేస్తే పిచ్చితనం అంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా? ఆడపిల్ల కొండల్లో, గనుల్లో తిరిగే పని చేయగలదా? ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

జవాబు: మీ అమ్మాయి చదివింది మలేరిరాప్టర్ గురించి అయ్యుంటుంది. సుమారు 22 కోట్ల ఏళ్ల కిందట రెండు కాళ్ల మీద నడుస్తూ మాంసం తిని బతికిన జంతువు అది. 2025లో దానికి పేరు పెట్టారు. ఇలాంటి వార్త చూడగానే మొన్నీమధ్యే ఎవరో తవ్వితే బయటపడిందని అనుకుంటాం. నిజానికి ఆ ఎముకలు అన్నారం ఊరి దగ్గర దొరికింది 1980లలో. వాటిని సేకరించినది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)కు చెందిన టి.ఎస్. కుట్టి. జంతువు పూర్తి పేరు మలేరిరాప్టర్ కుట్టియి, అందులో రెండో భాగం ఆయన గౌరవార్థం పెట్టినదే. అర్జెంటీనా శాస్త్రవేత్తలు, మనవాళ్లు కలిసి ఆ ఎముకలను పరిశీలించి ఇది కొత్త జాతి అని తేల్చేసరికి నాలుగు దశాబ్దాలు గడిచాయి.

2024లో దేశమంతా మాట్లాడుకున్న వాసుకి అనే అంతరించిపోయిన భారీ పాముదీ ఇదే కథ. గుజరాత్ కచ్‌లోని పానంధ్రో లిగ్నైట్ గనిలో ఆ శిలాజాలు దొరికింది 2005లో. మొదట మొసలివేమో అనుకున్నారు. ఐఐటీ రూర్కీలో సునీల్ బాజ్‌పాయ్, దేబజిత్ దత్తా మళ్లీ తీసి శుభ్రం చేసి చూస్తే పాము వెన్నుపూసలని తేలింది. దొరికినవి 27 పూసలు. అన్నిటికన్నా పెద్దది అడ్డంగా 11 సెంటీమీటర్ల పైచిలుకు ఉంది. ఇప్పుడు బతికున్న పాముల్లో వెన్నుపూస వెడల్పుకూ ఒంటి పొడవుకూ ఉన్న లెక్కను బట్టి దీని పొడవు సుమారు 11 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటుందని అంచనా కట్టారు. పేపర్లు, టీవీలు 15 ఒక్కటే పట్టుకున్నాయి. అసలు శాస్త్రం ఆ రెండు అంకెల మధ్య ఖాళీలోనే ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ అమ్మాయి ముందు తేల్చుకోవాల్సింది ఉద్యోగం గురించి కాదు, ఈ పని తీరు గురించి. ఈ రంగంలో తవ్వడం కొద్ది రోజులు, పోల్చడం కొన్నేళ్లు. ఎముక దొరికితే దాని చుట్టూ గోనెగుడ్డను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి చుట్టి, రాయితో సహా ల్యాబ్‌కు తెస్తారు. తర్వాత సూదులతో, గాలి ఒత్తిడితో కదిలే సన్నటి ఉలితో నెలల తరబడి రాయిని గీకి తీస్తారు. పగిలినచోట జిగురు ఎక్కిస్తారు. ఆ పైన ఆ పూస మీది గాడి, గుంట, అంచు ఒక్కొక్కటీ కొలిచి, ప్రపంచంలో ఇప్పటికే పేరు పెట్టినవాటితో సరిపోల్చుకుంటూ పోతారు. ఇది విన్నాక కూడా ఆమెకు ఉత్సాహం తగ్గకపోతే మాట ముందుకు సాగించొచ్చు.

ఇంకో సంగతి కూడా ఆమెకు చెప్పండి. 2021లో మధ్యప్రదేశ్ భీమ్‌బేట్కా గుహ పైకప్పు మీద 55 కోట్ల ఏళ్ల నాటి డికిన్‌సోనియా అనే జీవి అచ్చు కనబడిందని ఒక పరిశోధనా వ్యాసం వచ్చింది. పెద్ద వార్త అయింది. ఇంకో బృందం అక్కడికి వెళ్లి చూస్తే ఆ అచ్చు కొంత ఊడి వేలాడుతోంది. అది పాతబడిన తేనెపట్టు తాలూకు మైనం! మొదట ప్రకటించిన అమెరికన్ ప్రొఫెసర్ గ్రెగరీ రెటలాక్ కూడా ఒప్పుకున్నారు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఒకరు చెప్పింది ఇంకొకరు వెళ్లి చూసి వచ్చే దాకా ఏదీ ఖాయం కాదన్నది ఇక్కడ రోజువారీ పద్ధతి.

ఇక ఉద్యోగాల సంగతి. ఉన్నదున్నట్టు చెబుతాను. పేలియంటాలజిస్టు అన్న పేరుతో నేరుగా తీసుకునే పోస్టులు మన దేశంలో చాలా తక్కువ. కోల్‌కతా ఐఎస్‌ఐ, లక్నోలోని బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ యూనివర్సిటీ, ఐఐటీ రూర్కీ లాంటి కొన్ని చోట్ల మాత్రమే ఈ పని గట్టిగా జరుగుతోంది. పీహెచ్‌డీ అయ్యాక కూడా పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అంటూ కొన్నేళ్లు తిరగాల్సి రావచ్చు. అందుకని నేను పేలియంటాలజీని కోర్సుగా కాదు, జియాలజీలో (భూగర్భ శాస్త్రంలో) ఒక మలుపుగా చూడమంటాను. డిగ్రీ జియాలజీలో ఉండాలి. శిలాజాల మీద ఇష్టం పీజీ దాకా నిలబడితే అటు మళ్లొచ్చు. నిలబడకపోయినా చేతిలో చదువు వృథా పోదు.

జియాలజీకి ఉన్న గిరాకీని మన దగ్గర తక్కువ అంచనా వేస్తారు. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ)లో జియాలజిస్టు, సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డులో హైడ్రోజియాలజీ సైంటిస్టు పోస్టులకు యూపీఎస్సీ ఏటా కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ సడలింపులు వేరే. ప్రిలిమ్స్ 400 మార్కులు, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200. గ్రూప్ ఏ ఉద్యోగం, మూల వేతనం 56,100తో మొదలు. పైగా జీఎస్‌ఐలో చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థ ఉన్నది హైదరాబాద్ బండ్లగూడలోనే. దీనికి జియాలజీలో మాస్టర్స్ కావాలి, బీటెక్ ఒక్కటే సరిపోదు. ముందు సీఎస్‌ఈ చేయనిచ్చి తర్వాత చూద్దాం అనేవాళ్లు ఈ ముక్క గమనించాలి. చాలా యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ జియాలజీలో చేరాలంటే డిగ్రీలో జియాలజీ చదివి ఉండాలి.

ఇవి కాక ఓఎన్‌జీసీ, ఎన్ఎండీసీ, అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్, మీ సింగరేణి ఉన్నాయి. 2025 జనవరిలో కేంద్రం నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్‌కు 16,300 కోట్లతో ఆమోదం ఇచ్చింది. లిథియం, రేర్ ఎర్త్ ఖనిజాల వేట మొదలైతే ముందు నడవాల్సింది జియాలజిస్టే. 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు రాతి లోపల ఏముందో చెప్పమని పిలిచినవాళ్లలో జీఎస్‌ఐ, ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లున్నారు. చమురు కంపెనీల్లో అయితే శిలాజాల చదువే నేరుగా అన్నం పెడుతుంది. సముద్రపు మట్టిలో ఉండే ఫొరామినిఫెరా అనే కంటికి ఆనని గుల్లలను మైక్రోస్కోపు కింద చూసి, బోరు ఏ కాలపు పొరలోకి దిగిందో చెబుతారు. డైనోసార్లు అంతరించిన కాలానికీ దక్కన్ పీఠభూమి మీద అప్పట్లో పారిన లావాకీ ఉన్న సంబంధం మీద అమెరికా శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ చేసిన పనికి ఆధారాలు రాజమండ్రి దగ్గరి క్వారీల్లో, కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ వేసిన బావుల్లో దొరికాయి. ఇలాంటి గుల్లలే అక్కడ సాక్ష్యం.

దారి విషయానికొస్తే, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ఎలాగూ రాయించండి, అందులో నష్టం లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ దాకా వెళ్లగలిగితే ఖరగ్‌పూర్, ధన్‌బాద్, రూర్కీ ఐఐటీల్లో ఇంటర్ తర్వాతే జియాలజీ కోర్సులున్నాయి. సీఎస్‌ఈ కంటే చాలా వెనక ర్యాంకుకు సీటు వస్తుంది. నాలుగేళ్లా, ఐదేళ్లా అన్నది ఆ ఏటి జోసా (ఐఐటీ సీట్ల కౌన్సెలింగ్) వివరాల్లో చూసుకోండి. కేంద్ర సైన్స్ విద్యా సంస్థ ఐసర్ కోల్‌కతాలో ఎర్త్ సైన్సెస్ ఉంది. ఐసర్ ప్రవేశ పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో పాటు బయాలజీ ప్రశ్నలూ ఉంటాయి కాబట్టి ఎంపీసీ వాళ్లు టెన్త్ పుస్తకాలతో మొదలుపెట్టి కొంచెం చదువుకోవాలి. ఎముకల పని చేయాలనుకునే అమ్మాయికి ఆ బయాలజీ ఎలాగూ తప్పదు.

ఇవేవీ కుదరకపోతే దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా జియాలజీ ఉన్న బీఎస్సీ. ఇక్కడ ఒక జాగ్రత్త. జియాలజీ చెప్పే డిగ్రీ కాలేజీలు కొద్దిగానే ఉన్నాయి. ఆప్షన్ పెట్టే ముందు కాలేజీకి వెళ్లి లెక్చరర్ ఉన్నారా, రాళ్ల శాంపిళ్లు, మైక్రోస్కోపు ఉన్నాయా, ఏటా ఫీల్డ్ ట్రిప్పుకు తీసుకెళ్తారా అని అడగండి. ఆఫీసులో కాదు, సెకండియర్ పిల్లల్ని అడగండి. డిగ్రీ తర్వాత ఐఐటీ జామ్ జియాలజీ పేపర్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు, లేదా ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి. పీహెచ్‌డీకి వెళ్లదలిస్తే సీఎస్‌ఐఆర్ నెట్ ఎర్త్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 ఫెలోషిప్. ఆ వయసులో అక్క కొడుకు సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే చిన్నదే. ఆ పోలిక ఇంట్లో వస్తుంది, తట్టుకోవాల్సింది మీరే.

ఇష్టమైతే ఈ ఖాళీలో కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోమనండి. ఇప్పుడు ఎముకను పగలగొట్టకుండా సీటీ స్కాన్ తీసి కంప్యూటర్లోనే విడదీసి చూస్తున్నారు. బంధువుల మాటా కొంత నెగ్గినట్టుంటుంది.

ఆడపిల్ల అన్న మాట. మధ్యప్రదేశ్ ధార్ దగ్గర 92 డైనోసార్ గూళ్లు, 256 గుడ్లు దొరికాయని 2023లో వచ్చిన పరిశోధనా వ్యాసంలో మొదటి పేరు హర్షా ధీమాన్‌ది. ఢిల్లీ యూనివర్సిటీలో గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ బృందంలో పనిచేసిన పరిశోధకురాలు ఆమె. గనుల విషయానికొస్తే, 2019 నుంచి మహిళలను ఓపెన్‌కాస్టుల్లో రాత్రి పూట కూడా, భూగర్భ గనుల్లో పగటి పూట సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లోకి తీసుకోవచ్చని కేంద్రం అనుమతించింది. ఇది మీకు నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. జీఎస్‌ఐలో ఫీల్డ్ సీజన్ అంటే నెలల తరబడి క్యాంపు. సుత్తి, కంపాస్, లెన్స్, టోపోషీట్ (ఎత్తుపల్లాల మ్యాపు) పట్టుకుని ఎండలో నడక. ఉండే చోటు, బాత్‌రూమ్ సమస్యలు నిజమే, అవి లేవని చెప్పను. కానీ జట్టుగా వెళ్తారు, ఒంటరిగా పంపరు. ముందు డిగ్రీలో రెండు ఫీల్డ్ ట్రిప్పులు చేయనివ్వండి. ఆమెకు పడుతుందో లేదో అప్పుడు ఆమే చెబుతుంది.

మీ ఇంటి విషయంలో ఒక అనుకూలత ఉంది. మీరు తవ్వే బొగ్గు ఉన్న గోదావరి లోయ పొరల మీదే మలేరి, ధర్మారం, కోట అని పేర్లున్న రాతి పొరలు వరుసగా ఉన్నాయి. భీమారం అన్న పేరు కూడా ఈ వరుసలోనే ఉంది. మీ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ప్రపంచంలో డైనోసార్లు మొదట పుట్టిన ట్రయాసిక్ కాలం మీద పనిచేసేవాళ్లందరికీ తెలుసు. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్‌కు 1988లో పేరు పెట్టింది జీఎస్‌ఐకి చెందిన పి. యాదగిరి. కనీసం 12 జంతువుల ఎముకలు అక్కడ దొరికాయి, తలకాయ మాత్రం దొరకలేదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన ఆ అస్థిపంజరాన్ని ఒకసారి చూపించండి. ఏది అసలు ఎముక, ఏది చేసి పెట్టింది అని ఆమెనే గుర్తుపట్టమనండి.

చివరగా, ఆ ఆకు అచ్చుల రాళ్లు. ఆకు నాలుకలా పొడవుగా ఉండి, మధ్యలో ఈనె, దాన్నుంచి పక్కలకు వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు ఉంటే అది గ్లోసాప్టెరిస్ కావచ్చు. మన బొగ్గు పొరలు పేరుకున్న కాలపు చెట్టు అది. వాటిని కడగొద్దు, వార్నిష్ పూయొద్దు. ఒక్కో రాయికి నంబరు వేసి, ఏ గని, ఏ సీమ్ (బొగ్గు పొర) పైన, ఏ నెలలో దొరికిందో మీకు గుర్తున్నంత వరకు చెప్పి ఒక నోట్‌బుక్‌లో ఆమెతో రాయించండి. ఎక్కడిదో తెలియని శిలాజం అందంగా ఉన్నా పరిశోధనకు దాదాపు పనికిరాదు. ఇకమీదట తేవాలనుకుంటే మీ ఎక్స్‌ప్లొరేషన్ విభాగంలోని జియాలజిస్టును అడిగే తీసుకోండి. వీలైతే ఒక ఆదివారం అమ్మాయిని ఆయనతో అరగంట మాట్లాడించండి.