మా చెరువు బొమ్మలో కొబ్బరిచెట్లెందుకు?

కృత్రిమ మేధతో బొమ్మలు తయారుచేయడం గురించి నల్లగొండ, పాలమూరు ప్రాంతాల చిత్రకారుల నుంచి ఇటీవల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను డ్రాయింగు మాస్టరును. సెలవు దొరికితే చెరువు కట్టల మీద కూర్చుని నీటి రంగులతో ప్రకృతి చిత్రాలు వేస్తాను. మా అబ్బాయి ఫోన్‌లో ‘నల్లగొండ జిల్లా పల్లె చెరువు, సాయంత్రం’ అని రాయగానే క్షణాల్లో బొమ్మ వచ్చింది. అందంగానే ఉంది కానీ ఒడ్డున వరుసగా కొబ్బరిచెట్లు, వెనుక దట్టమైన పచ్చని కొండలు! మా చెరువుకు అవెక్కడివి? రేపు యంత్రం ఈ తప్పు కూడా దిద్దుకుంటే ఇక నేను కట్ట మీద కూర్చోవడం దేనికి?
— డ్రాయింగు ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు కొబ్బరిచెట్ల సంగతి చూద్దాం. ఈ యంత్రం ఏ చెరువునూ చూడలేదు. ఇంటర్నెట్టులో దొరికిన బొమ్మలను, వాటి పక్కనున్న రాతలతో జతచేసి దానికి శిక్షణ ఇస్తారు. ఒక్కో బొమ్మను కొంచెం కొంచెంగా చెరిపి ఉత్త చుక్కల గందరగోళంగా మార్చి, ఆ గందరగోళంలోంచి బొమ్మను తిరిగి రాబట్టడం నేర్పుతారు. ఆ తర్వాత మనం మాటలు ఇచ్చినప్పుడు అది చుక్కలతోనే మొదలుపెట్టి, ఆ మాటలకు తగిన రూపం తేలేదాకా అంచెలంచెలుగా వాటిని తొలగించుకుంటూ పోతుంది. 2022 ఆగస్టులో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల యంత్రానికి లయాన్ అనే సంస్థ కూర్చిన భండారాల నుంచి తీసుకున్న బొమ్మలతో శిక్షణ ఇచ్చారు. ఆ సంస్థ అదే ఏడు ప్రకటించిన పెద్ద భండారంలో సుమారు 585 కోట్ల జతలుంటే, వాటిలో 232 కోట్లకు పైగా ఇంగ్లిషు రాతలున్నవే. పర్యాటకుల కోసం తీసిన కేరళ, కోనసీమ ఫొటోలకు అలాంటి రాతలు పుష్కలంగా ఉంటాయి. మన చెరువు శిఖాన్ని, అంటే నీరు నిలిచే నేలను, ఫొటో తీసి ఇంగ్లిషులో పేరు రాసి పెట్టినవారు ఎందరుంటారు?

అయితే, మాస్టరుగారూ, ఈ తప్పు చాలావరకు సవరణ అవుతుంది. మన ప్రాంతపు ఫొటోలు పెరిగేకొద్దీ కొబ్బరిచెట్లు పోయి తాటిచెట్లు, ఈతచెట్లు వస్తాయి. కాబట్టి యంత్రం చేసే తప్పులను నమ్ముకుని ధైర్యం తెచ్చుకోవద్దు. తాటిచెట్లు సరిగ్గా వచ్చిన రోజున కూడా ఆ బొమ్మ ఏ చెరువుదీ కాదన్నదే మనం పట్టుకోవలసిన సంగతి.

మంచి వానలు పడి మత్తడి దుంకుతున్నప్పుడు మీరు చూసే ఉంటారు. రాతి అంచు దాటేచోట నీరు పలచని పొరగా, కింది రాయి రంగు కనిపించేలా జారి, ఆ కిందికి రాగానే తెల్లని నురగ అవుతుంది. చల్క నేలల ఎర్రమట్టి కలిసిన కొత్తనీరు మొదట ఇటుక రంగులో ఉండి, మట్టి అడుక్కి దిగాకగానీ ఆకాశాన్ని చూపించదు. శిఖంలోని తుమ్మచెట్లు సగం మునిగి, నీరు తగ్గాక వాటి కాండం మీద ఒక మట్టిగీత మిగులుతుంది. ఎత్తిపోతలతో కృష్ణా నీరు చేరే పానగల్లు ఉదయ సముద్రం ఒడ్డునా, వానల మీదే ఆధారపడ్డ ఊరి కుంటలోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉండదు. మీ చెరువులో ఈ ఏడు అది ఎక్కడుందో మీకు తెలుసు, అక్కడ కూర్చున్నారు కనుక.

1839లో కెమెరా వచ్చినా చిత్రకళ ఆగలేదు కదా అని కొందరు ఊరడిస్తారు. ఆ పోలిక సగమే నిలుస్తుందని నా అభిప్రాయం. 1890-91లో ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే గడ్డివాములను వేర్వేరు వెలుగుల్లో మళ్లీ మళ్లీ చిత్రించినప్పుడు, ఆనాటి నలుపు తెలుపు ఫొటోకు అందని దాన్ని పట్టుకున్న మాట నిజమే. కానీ కెమెరాను చెరువు దగ్గరికి మోసుకెళ్లాలి, ఈ యంత్రానికి ఆ అవసరం లేదు. కెమెరా చిత్రకారుల బొమ్మలను మేసి పెరగలేదు, ఇది వాటిని కూడా మేసి పెరిగింది.

ప్రశ్న: హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు ప్రకృతి దృశ్యాలు వేసి కుటుంబాన్ని పోషించుకుంటున్నాను. ఇప్పుడు ఇంటీరియర్ పనివాళ్లే యంత్రంతో బొమ్మ చేయించి, కాన్వాసు మీద ప్రింటు తీసి తగిలిస్తున్నారు. ఆర్డర్లు బాగా తగ్గాయి. ఏం చేయమంటారు?
— ఒక ఆర్టిస్టు, మహబూబ్‌నగర్

జవాబు: మీకు ఉత్తుత్తి ధైర్యం చెప్పలేను. మంచుకొండ, జలపాతం, సరస్సులో హంసలు వంటి, ఏ ఊరికీ చెందని అలంకార చిత్రాల పని ఇక పెద్దగా తిరిగిరాదు. ఫ్లెక్సీలు వచ్చినప్పుడు మన జిల్లాల్లో గోడల మీద అక్షరాలు రాసే ఆర్టిస్టులు ఎలా చెదిరిపోయారో మీరూ చూశారు. వారి నైపుణ్యం తగ్గలేదు, అడిగేవారే కరువయ్యారు. అందుకే అడిగేవారు ఎక్కడ మిగిలి ఉన్నారో ఇప్పుడే వెతుక్కోవాలి.

మీ ఊరి పక్కనే ఉన్న పిల్లలమర్రిని తీసుకోండి. చెదలు తొలిచి 2017 చివరిలో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. మరుసటి ఏడు సెలైన్ సీసాలతో చెట్టుకు మందు ఎక్కించారు. అంతకుముందు అక్కడ కూర్చుని వేసిన బొమ్మ ఎవరి దగ్గరైనా ఉంటే అది ఇప్పుడు ఒక సాక్ష్యం. యంత్రాన్ని అడిగితే మర్రిచెట్టు వస్తుంది గానీ, ఏ కొమ్మ ఏ ఏడు ఎలా ఉండేదో దాని నుంచి తెలుసుకోలేం. కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో కృష్ణ నిండినప్పుడు ఒక బొమ్మ, నీరు వెనక్కి తగ్గి ఒడ్డు బయటపడినప్పుడు మరొకటి వేయండి. కొత్తగా ఇల్లు కట్టుకునేవారిని వారి సొంత ఊరి చెరువు, పొలం, గుట్ట గురించి అడగండి. చోటు పేరు, తేదీ, వేళ బొమ్మ వెనుక రాసి, అక్కడ వేసుకున్న చిన్న స్కెచ్చును కూడా దానితో ఇవ్వండి. ఊరు విడిచి హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడినవారికి ఆ స్కెచ్చు విలువ ఎక్కువ. ఇలాంటి ఆర్డర్లు సంఖ్యలో తక్కువే ఉంటాయి కనుక ధర తగ్గించి చెప్పవద్దు. ఎంత ఇబ్బందిలో ఉన్నా, యంత్రపు ప్రింటు మీద నాలుగు కుంచె గీతలు లాగి చేతిబొమ్మ అని మాత్రం అమ్మవద్దు. ఒక్కసారి బయటపడితే మీ నిజమైన బొమ్మలను కూడా ఎవరూ నమ్మరు.

ప్రశ్న: బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి ఏఐ సాయం తీసుకుంటే తప్పా?
— ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, వనపర్తి

జవాబు: తప్పు కాదు. గుట్ట ఎడమకు ఉంటే బాగుంటుందా, కుడికా అని చూసుకోవడానికి వాడుకోండి. వెలుగును, చెట్లను, రాళ్ల రంగును మాత్రం దాని నుంచి తీసుకోకండి. వాననీరు జారిన నల్లని చారలున్న మన గుండ్లు పొద్దున ఒక రంగులో, మిట్టమధ్యాహ్నం మరో రంగులో ఉంటాయి. అది కంటితో నేర్చుకోవలసిన పాఠం. ప్రదర్శనకు పంపేటప్పుడు ఏఐ సాయం తీసుకున్నట్టు తప్పక తెలియజేయండి.

ప్రశ్న: నా చిత్రాలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటాను. వాటిని యంత్రాలకు మేపితే నాకు చట్టం రక్షణ ఇస్తుందా?
— ఒక చిత్రకారిణి, గద్వాల

జవాబు: మీ భయం నిరాధారమైనది కాదు. పోలండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరును 2022లో వేలమంది ప్రాంప్టుల్లో (యంత్రానికి ఇచ్చే మాటల్లో) రాసి, ఆయన శైలిలో బొమ్మలు పుట్టించారు. అనుమతి లేకుండా శిక్షణకు వాడవచ్చా అన్న ప్రశ్న మన దేశంలో కూడా కోర్టుకు చేరింది: 2024 నవంబరులో ఏఎన్‌ఐ వార్తాసంస్థ, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ దావా వార్తా కథనాల గురించే అయినా, అందులో తేలేది చిత్రకారులకు కూడా ముఖ్యమే.

మీ చేతిలో ఉన్నవి చేయండి. ఇంటర్నెట్టులో చిన్న సైజు ఫొటోలే పెట్టండి. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో విడుదల చేసిన గ్లేజ్ అనే సాఫ్ట్‌వేరు, మన కంటికి అంతగా తెలియని మార్పులు చేసి యంత్రం శైలిని పట్టుకోకుండా అడ్డుపడుతుంది; అది సంపూర్ణ రక్షణ కాకపోయినా వాడదగినదే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం చిత్రం మీద హక్కు చిత్రకారుని జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఎవరైనా డబ్బు ఇచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, ఆ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం వేయించుకున్నవారే మొదటి హక్కుదారులవుతారు. అందుకని ఆర్డరు కాగితం మీద ‘కాపీరైటు చిత్రకారిణిదే, ఈ చిత్రాన్ని కృత్రిమ మేధ శిక్షణకు వాడరాదు’ అని రాసి, అడ్వాన్సు తీసుకునే ముందే ఇద్దరూ సంతకాలు చేసుకుని చెరో ప్రతి ఉంచుకోండి.